దాచుకోని విద్య: పియానో మాస్టారు బ్యారీ హ్యారిస్

అందరికీ నమస్కారం. పెద్దలకు, తోటి సంగీతం టీచర్లకు, ముందు వరసలో కూర్చున్న పిల్లలకు కూడా.

2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మన క్లాసులన్నీ ఒక్కసారిగా ఆగిపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. నేను కాకినాడలో పిల్లలకు కీబోర్డు నేర్పుతాను. ఆ మార్చి చివర్నుంచి గుమ్మం ముందు పిల్లల చెప్పులు కనపడక ఇల్లు బోసిపోయింది. ఆన్‌లైన్‌లో సంగీతం ఎలా చెప్తాం, శబ్దం ఆలస్యంగా వస్తుంది, తాళం కుదరదు, మన వల్ల కాదు అని కొన్ని నెలలు ఊరికే కూర్చున్నాను. ఆ కరోనా కాలంలోనే అమెరికాలో, న్యూజెర్సీలో, తొంభై ఏళ్ల పెద్దాయన ఒకరు జూమ్‌లో దేశదేశాల వాళ్లకు పాఠం చెబుతున్నారు. ఆయన పేరు బ్యారీ హ్యారిస్. జాజ్ పియానో వాయించేవారు. ఆ సంగతి తెలిసిన రోజు నాకు సిగ్గేసింది. మర్నాడే ఫోను స్టాండు కొనుక్కొచ్చి క్లాసులు మొదలుపెట్టాను.

ఆయన క్లాసుల్లో నేను కూర్చోలేదు. ఆయన్ని ఎప్పుడూ కలవలేదు. రికార్డులు విన్నాను, యూట్యూబ్‌లో ఉన్న ఆయన పాఠాల వీడియోలు గంటల తరబడి చూశాను, చూసినవి నా కీబోర్డు మీద చేసుకున్నాను. అందుకని ఈ రోజు ఎవరి గురించి మాట్లాడతారని అడిగినప్పుడు ఇంకో పేరు తోచలేదు.

ముందు జాజ్ అంటే ఏమిటో రెండు ముక్కలు చెప్పి కథలోకి వెళ్తాను. ఒక పాట ఉంటుంది. దాని అడుగున కార్డ్స్ వరస ఒకటి నడుస్తూ ఉంటుంది. కార్డ్ అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించడం. పాటను ఒకసారి వాయించి, తర్వాత ఆ వరస మీదే ఒక్కొక్కరు అప్పటికప్పుడు కల్పించి వాయిస్తారు. మన కల్పన స్వరాలు గుర్తు తెచ్చుకోండి. మనకు రాగం ఒకటే ఉంటుంది, దాని గీత దాటకూడదు. వాళ్లకు అడుగున కార్డ్స్ మారిపోతూ ఉంటాయి. రెండు లెక్కలకొకసారి ఇల్లు మారుతున్నట్టు ఉంటుంది, ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంటి మర్యాద పాటించాలి. 1940లలో న్యూయార్క్‌లో శాక్సోఫోన్ వాయించే చార్లీ పార్కర్, ట్రంపెట్ వాయించే డిజీ గిలెస్పీ, పియానో వాయించే థెలోనియస్ మంక్, బడ్ పావెల్ లాంటి వాళ్లు దీన్ని చాలా వేగంగా, చాలా సూక్ష్మంగా వాయించడం మొదలుపెట్టారు. దానికి బీబాప్ అని పేరొచ్చింది. బ్యారీ హ్యారిస్ జీవితం మొత్తం ఆ బీబాప్‌దే.

ఆయన పుట్టింది 1929 డిసెంబర్ 15న, డెట్రాయిట్‌లో. డెట్రాయిట్ అంటే కార్ల ఊరు. దక్షిణాది రాష్ట్రాల్లో బతకలేక నల్లజాతి కుటుంబాలు వేల సంఖ్యలో ఉత్తరానికి వలస వచ్చి, ఆ ఫ్యాక్టరీల్లో పనికి కుదిరి స్థిరపడిన ఊరు. ఫ్యాక్టరీ జీతం ఉంది కాబట్టి ఇంట్లో పియానో ఉండేది. చర్చి ఉంది కాబట్టి పాట ఉండేది. బ్యారీ తల్లి చర్చిలో పియానో వాయించేది. నాలుగేళ్ల వయసులో ఆమే ఆయనకు మొదటి పాఠం చెప్పింది. కొంచెం పెద్దయ్యాక, నాయనా, నువ్వు చర్చి సంగీతం వాయిస్తావా, జాజ్ వాయిస్తావా అని ఆమే అడిగిందట. ఆయన జాజ్ అన్నారు. ఆమె సరేనంది.

ఈ ఒక్క సంగతి దగ్గర నేను కాసేపు ఆగాలి. ఆ రోజుల్లో చాలా చర్చి కుటుంబాల్లో జాజ్‌ను పాపిష్టి సంగీతంగా చూసేవారు. చర్చిలో వాయించే తల్లి, తన దారి కాని దారిని కొడుకు ఎంచుకుంటే ఒప్పుకుంది. అంతటితో అయిపోలేదు. ఆ కొడుకు ఇరవై ఏళ్లు దాటాక అదే ఇంటికి రోజంతా కుర్రాళ్లు శాక్సోఫోన్లు, ట్రంపెట్లు పట్టుకుని వస్తూ పోతూ ఉంటే, అంత చప్పుడూ ఆమె భరించింది. మన ఇళ్లలో ఒక్క పిల్లవాడు డ్రమ్స్ నేర్చుకుంటానంటేనే పక్కింటివాళ్లు ఏమంటారో అని మనకు టెన్షన్. జాజ్ చరిత్ర పుస్తకాల్లో ఆ తల్లికి ఒకటో రెండో వాక్యాలు దక్కుతాయి. నా దృష్టిలో ఆయన మొదటి బడి పెట్టింది ఆమే.

1950లలో ఆయన రాత్రిళ్లు బ్లూబర్డ్ ఇన్ అనే క్లబ్బులో వాయించేవారు. డెట్రాయిట్ పడమటి వైపు టైర్‌మన్ వీధిలో ఉండేది అది. ఊరికి ఏ పెద్ద విద్వాంసుడు వచ్చినా అక్కడికి రావలసిందే, అక్కడి పియానో వాళ్లతో వాయించవలసిందే. చార్లీ పార్కర్ ఆ ఊరు వచ్చినప్పుడు ఆయన పక్కన కూర్చుని వాయించే అవకాశం బ్యారీకి దొరికింది. ఒళ్లు గగుర్పొడిచిన ఆ అనుభవం గురించి ముసలితనంలో కూడా చెబుతూనే ఉన్నారు. పార్కర్, బడ్ పావెల్, మంక్ — ఈ ముగ్గురూ ఆయనకు గురువులు. ముగ్గురిలో ఎవరూ ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని పాఠం చెప్పలేదు. రికార్డు పెట్టుకుని, సూది వెనక్కి జరిపి, మళ్లీ పెట్టుకుని, ఒక్కో పలుకూ పట్టుకుని నేర్చుకున్న విద్య.

అంత కష్టపడి నేర్చుకున్నదాన్ని పగలు ఇంట్లో అందరికీ పంచేవారు. తనకు ఇంకా పాతికేళ్లు కూడా నిండలేదు. వచ్చేవాళ్లలో చార్లెస్ మెక్‌ఫర్సన్ అనే శాక్సోఫోన్ కుర్రాడు, లానీ హిల్యర్ అనే ట్రంపెట్ కుర్రాడు ఉన్నారు. ఇద్దరూ ఆ చుట్టుపక్కల ఇళ్ల పిల్లలే. మెక్‌ఫర్సన్ ఇప్పటికీ చెప్పుకునే కథ ఒకటి ఉంది. పదిహేనేళ్ల వయసులో స్కూలు నుంచి తిన్నగా బ్యారీ ఇంటికి వచ్చాడు. చేతిలో ప్రోగ్రెస్ రిపోర్టు. ఏదీ చూడనీ అని బ్యారీ తీసుకుని చూశారు. అన్నీ ‘సి’ గ్రేడులు. ఫెయిల్ కాలేదు, గొప్పా కాదు. బ్యారీ కోప్పడలేదు. అయితే నువ్వు మామూలు కుర్రాడివన్నమాట, నీకిష్టమైన చార్లీ పార్కర్ ఎందులోనూ మామూలు మనిషి కాదు, ఈ సంగీతం మామూలు బుర్రతో వాయించేది కాదు అని అర్థం వచ్చేలా చెప్పారు. ఆ రోజు నుంచే తను పుస్తకాలు చదవడం మొదలుపెట్టానని, ప్రపంచాన్ని చూసే తీరే మారిపోయిందని మెక్‌ఫర్సన్ చెప్తాడు. తర్వాత 1960లో ఈ ఇద్దరు కుర్రాళ్లనూ పేరున్న బేస్ విద్వాంసుడు చార్లెస్ మింగస్ తన బృందంలోకి తీసుకున్నాడు.

ఒక సంగీతం మాస్టారు పిల్లవాడి లెక్కల మార్కులు, సైన్సు మార్కులు అడిగి చూశాడు. తిట్టడానికి కాదు, నీ బుర్ర మొత్తం ఈ వాద్యంలోకి రావాలని చెప్పడానికి. నేను ఈ కథ విన్నాక నా దగ్గరికి వచ్చే పిల్లలను ఇంకేం చదువుతున్నారని అడగడం మొదలుపెట్టాను. అంతకు ముందు ఎప్పుడూ అడగలేదు.

నా చిన్నప్పటి సంగతి ఒకటి చెప్తాను. నేను నేర్చుకున్న చోట పెద్ద క్లాసు జరిగేటప్పుడు తలుపు వేసేసేవారు. మేం చిన్నపిల్లలం వరండాలో కూర్చుని తలుపు సందులోంచి వచ్చినంత వినేవాళ్లం. ఒకసారి విన్నది విన్నట్టు మర్నాడు వాయిస్తే, ఇది నీకెవరు చెప్పారని చేతి మీద దెబ్బ పడింది. విద్య అడిగితే వచ్చేది కాదు, పెద్దలు ఇస్తే పుచ్చుకునేది అని అప్పట్లో నమ్మకం. అందులో మంచి కూడా ఉందేమో, నేను పూర్తిగా కొట్టిపారేయను. కానీ డెట్రాయిట్‌లో ఆ ఇంటి గురించి చదివినప్పుడల్లా నాకు ఆ వరండా గుర్తొస్తుంది. బ్యారీ ఇంటి తలుపు తీసే ఉండేది. వచ్చినవాడు ఎంత వాయించగలడన్న ప్రశ్న గుమ్మం దగ్గర లేదు.

1956 జూన్‌లో ఘోరం జరిగింది. ట్రంపెట్ వాయించే క్లిఫర్డ్ బ్రౌన్, పియానో వాయించే రిచీ పావెల్ కారు ప్రమాదంలో పోయారు. రిచీ, బడ్ పావెల్‌కు తమ్ముడు. డ్రమ్మర్ మాక్స్ రోచ్ బృందం అలా సగం తెగిపోయినప్పుడు పియానో దగ్గర ఆ ఖాళీలో కొంతకాలం కూర్చున్నది బ్యారీ. తర్వాత మళ్లీ డెట్రాయిట్ వచ్చేశారు. 1960లో శాక్సోఫోన్ విద్వాంసుడు క్యానన్‌బాల్ యాడర్లీ బృందంతో బయల్దేరి చివరికి న్యూయార్క్‌లో స్థిరపడ్డారు. ఆ ఏడాదే యాడర్లీ బృందంలోని శామ్ జోన్స్, లూయిస్ హేస్‌లతో కలిసి శాన్‌ఫ్రాన్సిస్కోలోని జాజ్ వర్క్‌షాప్ క్లబ్బులో ఒక ట్రియో రికార్డు చేశారు. పియానో, బేస్, డ్రమ్స్, అంతే. బ్యారీని మొదటిసారి వినేవాళ్లకు నేను చెప్పేది ఆ రికార్డే. ఎక్కడా ఆర్భాటం ఉండదు. మనిషి మాట్లాడుతున్నట్టు, ఊపిరి తీసుకుని, వాక్యం ముగించి, మళ్లీ అందుకున్నట్టు ఉంటుంది.

1963 డిసెంబర్‌లో ట్రంపెట్ విద్వాంసుడు లీ మోర్గన్ ‘ది సైడ్‌వైండర్’ అనే ఆల్బమ్ రికార్డు చేశాడు. అందులో పియానో బ్యారీది. మొదటి పాట మొదట్లో, బేస్‌తో కలిసి ఒకే ఊపులో మళ్లీ మళ్లీ తిరిగే ఆ పియానో ముక్క విన్న ఎవరి కాలూ ఊరుకోదు. బ్లూనోట్ అనే రికార్డుల కంపెనీకి అది ఊహించని హిట్ అయింది. ఒక కార్ల కంపెనీ టీవీ ప్రకటనలో కూడా వాడుకున్నారు. ఆ ఊపు పట్టుకుని చాలామంది అలాంటి పాటలు చేశారు. బ్యారీ మాత్రం అటు పోలేదు. అరవైల చివర్లో ప్రెస్టీజ్ కంపెనీకి, డెబ్భైల్లో జనాడు కంపెనీకి చేసిన రికార్డులన్నిట్లో తన బీబాప్ తనదే. శాక్సోఫోన్‌లో పెద్దాయన కోల్‌మన్ హాకిన్స్ చివరి సంవత్సరాల్లో ఆయన పక్కన వాయించారు. డబ్బు వచ్చే దారి ఎదురుగా కనపడుతున్నప్పుడు అటు నడవకుండా ఉండటం ఎంత కష్టమో, ఈవెంట్లకు కీబోర్డు వాయించి బతికే మన కుర్రాళ్లను అడిగితే చెప్తారు.

ఇప్పుడు వీహాకెన్ ఇంటి గురించి చెప్పాలి. న్యూజెర్సీలో హడ్సన్ నది ఒడ్డున, ఎదురుగా మన్‌హట్టన్ మేడలన్నీ కనపడే ఇల్లు అది. ఆ ఇంటావిడ పేరు పనోనికా. అందరూ నికా అనేవారు. యూరప్‌లో పేరుమోసిన రోత్‌షీల్డ్ బ్యాంకర్ల ఇంటి ఆడపడుచు. అన్నీ వదులుకుని న్యూయార్క్ వచ్చి జాజ్ వాళ్లకు అండగా నిలబడింది. 1955లో చార్లీ పార్కర్ ప్రాణం పోయింది ఆవిడ హోటల్ గదిలోనే. వీహాకెన్ ఇంట్లో ఒక దశలో వంద దాటి పిల్లులు ఉండేవట. 1970లలో థెలోనియస్ మంక్ కచేరీలు మానేసి, జబ్బుపడి, ఆ ఇంటికి చేరాడు. బ్యారీ కూడా ఆ ఇంట్లోనే ఉండేవారు.

ఇద్దరు పియానో వాళ్లు ఒకే ఇంట్లో. ఒకరు వాయించడం మానేశారు. ఇంకొకరు రోజూ సాధన చేస్తున్నారు. తను గురువుగా కొలిచే మనిషి పక్క గదిలో మౌనంగా పడుకుని వింటూ ఉంటే ఆ సాధన ఎలా సాగి ఉంటుందో నేను చాలాసార్లు ఊహించుకున్నాను. మంక్ ఆ చివరి ఏళ్లలో పియానో ముట్టుకున్నది చాలా అరుదు. ఒకరోజు మాత్రం లేచొచ్చి ‘మై ఐడియల్’ అనే పాత పాట మొదలుపెట్టాడట. పాట ఒక చుట్టు మంక్, ఒక చుట్టు బ్యారీ, మళ్లీ మంక్, మళ్లీ బ్యారీ, అలా చాలాసేపు ఆ ఒక్క పాటే. ఎవరూ రికార్డు చేయలేదు. చేయకపోవడమే బాగుందేమో అని కూడా అనిపిస్తుంది నాకు. మంక్ 1982 ఫిబ్రవరి 17న పోయాడు. నికా 1988లో పోయింది. ఆ ఇంట్లో బ్యారీ మాత్రం తన చివరి దాకా ఉన్నారు.

మంక్ పోయిన ఆ ఏడాదే ఆయన న్యూయార్క్‌లో ఎనిమిదో ఎవెన్యూలో జాజ్ కల్చరల్ థియేటర్ తెరిచారు. తోడు బేస్ విద్వాంసుడు లారీ రిడ్లీ, ఇంకా కొందరు మిత్రులు. పేరుకు థియేటర్. కచేరీలు జరిగేవి, వచ్చినవాళ్లంతా కలిసి అప్పటికప్పుడు వాయించే జామ్ సెషన్లు జరిగేవి, ట్యాప్ డ్యాన్సర్లు వచ్చేవాళ్లు. అసలు పేరు తెచ్చింది మాత్రం క్లాసులే. వాయించేవాళ్లకు వేరు, పాడేవాళ్లకు వేరు. ఇది అయిదేళ్లు నడిచింది. 1987లో లీజు అయిపోయింది, అద్దె పెంచారు, మూసేశారు. మన ఊళ్లలో ఎన్ని సంగీత పాఠశాలలు అద్దె దగ్గర మూతపడ్డాయో ఈ గదిలో ఉన్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఆయన ఏం చేశారు? ఇంకో గది వెతుక్కున్నారు. తర్వాత చాలా ఏళ్లు పడమటి 65వ వీధిలో పేటవాళ్ల కమ్యూనిటీ సెంటర్‌లో మంగళవారం సాయంత్రాలు పాఠం. ముందు పియానో వాళ్లు, తర్వాత గాయకులు, ఆ తర్వాత మిగిలిన వాద్యాల వాళ్లు. అర్ధరాత్రి దాకా సాగేది. ఎనభై దాటిన మనిషి! కొత్తగా వచ్చిన కుర్రాడు, పేరున్న విద్వాంసుడు ఒకే గదిలో పక్కపక్కన కూర్చునేవారు.

సరే, ఆయన చెప్పింది ఏమిటి? ఇక్కడే నాకు అసలు ఆనందం. కొంచెం ఓపిగ్గా వినండి, కీబోర్డు మీద కూడా చూపిస్తాను.

ఆయన పాఠం ఒక పురాణంలా మొదలయ్యేది. మొదట పన్నెండు స్వరాలున్నాయి. మన పన్నెండు స్వరస్థానాలే. అది దేవుడు, అది విశ్వం. ఆ పన్నెండిట్లో ఒకటి విడిచి ఒకటి తీసుకుంటూ పోతే ఆరేసి స్వరాల గుంపులు రెండు వస్తాయి. ఒకరు పురుషుడు, ఒకరు స్త్రీ. ఈ ఇద్దరికీ ముగ్గురు పిల్లలు. ఆ పిల్లలే డిమినిష్డ్ కార్డ్స్, ఒక్కోదానిలో నాలుగు స్వరాలు. ప్రతి బిడ్డలో తండ్రి పోలిక రెండు స్వరాలు, తల్లి పోలిక రెండు స్వరాలు. లెక్క చూసుకోండి, సరిగ్గా సరిపోతుంది. ఇప్పుడు ఈ బిడ్డల్లో ఒకరిని తీసుకుందాం. స, సాధారణ గాంధారం, ప్రతి మధ్యమం, చతుశ్రుతి ధైవతం. (కీబోర్డు మీద వాయించారు.) ఏదో అనుమానంగా, ఎటూ తేలకుండా ఉంది కదా. ఈ నాలుగింటిలో ఏదో ఒకదాన్ని ఒక్క మెట్టు కిందికి దించండి. (వాయించారు.) విన్నారా, వెంటనే ఎటో వెళ్లాలన్న తొందర వచ్చేసింది. దీన్ని డామినెంట్ సెవెంత్ అంటారు. నాలుగింటిలో ఏది దించినా ఒక్కో డామినెంట్ పుడుతుంది. ఆ బిడ్డే పెద్దయి తల్లయిందనుకోండి, ఆ తల్లికి నలుగురు. వాళ్లు తోబుట్టువులు, కాబట్టి ఒకరింట్లో పని పడితే ఇంకొకరు వెళ్లి చేయొచ్చు. ముగ్గురు తల్లులకు నలుగురేసి పన్నెండు మంది. పన్నెండు స్వరాలకు పన్నెండు డామినెంట్లు. ఒక్కటి మిగల్లేదు, ఒక్కటి తక్కువ పడలేదు.

పుస్తకాల్లో ఇది టేబుళ్లుగా, గుర్తులుగా పది పేజీలు ఉంటుంది. నేను కంఠతా పట్టి మర్చిపోయేదాన్ని. కుటుంబంగా చెప్పాక మర్చిపోలేదు. మా క్లాసులో పదేళ్ల పిల్లలు కూడా ఇది వీళ్ల పెద్దమ్మ కూతురండీ అంటారు.

రెండోది. ఇది మన తాళం తెలిసినవాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది. బీబాప్‌లో ఒక ఆవృత్తానికి, అంటే నాలుగు దెబ్బలకు, ఎనిమిది స్వరాలు పడతాయి. స్కేల్‌లో, అంటే స్వరాల మెట్ల వరసలో, ఉన్నవి ఏడు. హరికాంభోజి అవరోహణ తీసుకుని దెబ్బకు రెండు చొప్పున వాయించి చూడండి: స ని, ధ ప, మ గ, రి స. కార్డ్‌లో ఉన్న ముఖ్యమైన స్వరాలు స గ ప ని. వాటిలో స తప్ప ఒక్కటీ దెబ్బ మీద పడటం లేదు. ని పక్కకు పోయింది, ప పోయింది, గ పోయింది. అందుకే కొత్తగా వాయించేవాడి సోలో స్వరాలన్నీ సరిగ్గా ఉన్నా ఏదో జారుతున్నట్టు వినిపిస్తుంది. బ్యారీ నేర్పిన ఉపాయం ఏమిటంటే, స నుంచి దిగేటప్పుడు మధ్యలో ఒక పక్క మెట్టు కలపాలి. అంటే కాకలి నిషాదం తగిలించి కైశికి నిషాదానికి దిగాలి. ఇప్పుడు వినండి. (వాయించారు.) స, ని, ప, గ, మళ్లీ స, అన్నీ ఠంచనుగా దెబ్బ మీద కూర్చున్నాయి. మన ఖమాస్‌లో కాకలి నిషాదం అన్యస్వరంగా వస్తుంది కదా, అది రాగం అందం కోసం. ఇక్కడ లెక్క కోసం. కానీ వినేటప్పుడు లెక్క వినపడదు, అందమే వినపడుతుంది. ఏ స్వరం నుంచి మొదలుపెడితే ఎక్కడ కలపాలో, ఎన్ని కలపాలో ఆయన దగ్గర సూత్రాలున్నాయి. చార్లీ పార్కర్ వేళ్ల నుంచి దానంతట అది వచ్చినదాన్ని, ఆయన విని విని, తరచి చూసి, ఇదిగో ఇలా అని పిల్లల చేతికి అందేలా చేశారు.

మూడోది ఆయన పేరుతోనే నిలిచిపోయింది, సిక్స్త్ డిమినిష్డ్ స్కేల్. శంకరాభరణం వాయించండి. అందులో పంచమానికి, చతుశ్రుతి ధైవతానికి మధ్య శుద్ధ ధైవతం కూడా పెట్టండి. సరసాంగి ధైవతం, శంకరాభరణం ధైవతం రెండూ పక్కపక్కన అన్నమాట. మొత్తం ఎనిమిది స్వరాలు. ఇప్పుడు ఒకటి విడిచి ఒకటి ఏరండి. స, గ, ప, పెద్ద ధ. ఇది ఒక కార్డ్. ఇది ఇల్లు. మిగిలినవి ని, రి, మ, చిన్న ధ. ఇది ఇంకో కార్డ్. ఇది గడప అవతల. స్కేల్ మీద ఒక్కో మెట్టు ఎక్కుతూ పోతే ఇల్లు, బయట, ఇల్లు, బయట, ఇల్లు. (వాయించారు.) అందరూ కార్డ్‌ను నిలబడిన స్తంభంలా నేర్చుకుంటారు. ఆయన కదలిక నేర్పారు. రెండు కార్డ్స్ మధ్య నడక ఉంటుంది, ఒకదాని స్వరాన్ని ఇంకోదాని నుంచి అప్పు తెచ్చుకోవచ్చు, అలా తెచ్చుకున్నప్పుడు ఎవరూ వినని రంగులు వస్తాయి. కెనడాలో హోవర్డ్ రీస్ అనే ఆయన శిష్యుడు ఈ పాఠాలన్నీ వీడియోలుగా, పుస్తకాలుగా తెచ్చాడు. నెదర్లాండ్స్‌లో హేగ్ నగరంలో చెప్పిన క్లాసుల వీడియోలు కూడా దొరుకుతాయి. వాటిలో ఆయన పాత పియానో దగ్గర కూర్చుని, మెడ వెనక్కి తిప్పి, నువ్వు ఏం వాయించావు, మళ్లీ వాయించు అని కుర్రాళ్లను వదలకుండా అడుగుతూ ఉంటారు. ఒక్కో ముక్క ఆయన పాడతారు, పిల్లలు వాయిస్తారు. కాగితం చాలా తక్కువ. నోటి నుంచి చెవికి, చెవి నుంచి వేళ్లకు. మనకు కొత్త కాదు కదా ఆ పద్ధతి.

ఒక విషయంలో మాత్రం నేను ఆయనతో ఏకీభవించలేను. బీబాప్ తర్వాత వచ్చిన చాలా సంగీతం ఆయనకు నచ్చలేదు. ఒక స్కేల్ మీద చాలాసేపు నిలబడి వాయించే పద్ధతి అన్నా, కార్డ్స్ వదిలేసి వాయించడం అన్నా ఆయనకు గిట్టదు. యూరప్ శాస్త్రీయ సంగీతంలో బాహ్, షోపాన్ లాంటి వాళ్లు కూడా అప్పటికప్పుడు కల్పించి వాయించినవాళ్లే, మేం ఆ వంశం వాళ్లమే అనేవారు. అది నిజమే. కానీ వంశం ఇక్కడితో ఆగిపోయిందనడం నాకు ఒప్పుదల కాదు. రాగమే ఊపిరిగా పెరిగిన మనలాంటి వాళ్లకు ఒక స్కేల్ మీద గంట సేపు నిలబడటంలో ఎంత ఉందో తెలుసు. అయినా ఒకటి ఆలోచించాను. అన్నిటికీ తలూపే మాస్టారు దగ్గర శిష్యుడికి పట్టుకోవడానికి ఏమీ దొరకదు. ఈయన దగ్గర గట్టి స్తంభం ఉంది. పట్టుకున్నవాడు పట్టుకోవచ్చు, కాదనుకున్నవాడు దాన్ని తన్ని అవతలకు దూకొచ్చు.

గౌరవాలు వచ్చాయి. 1989లో అమెరికా ప్రభుత్వ కళల సంస్థ నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది ఆర్ట్స్ జాజ్ మాస్టర్ బిరుదు ఇచ్చింది. మంక్ మీద వచ్చిన డాక్యుమెంటరీలో ఇంకో పియానో విద్వాంసుడు టామీ ఫ్లానగన్‌తో కలిసి రెండు పియానోల మీద వాయించడం చూడొచ్చు. ఇద్దరూ డెట్రాయిట్ వాళ్లే, దాదాపు ఒక ఈడువాళ్లే. కచేరీల్లో ‘నాసిమెంటో’ అనే తన పాట వచ్చినప్పుడు జనం చేత చప్పట్లతో తాళం వేయించేవారు. టిక్కెట్టు కొని విని వెళ్లిపోతామనుకుని వచ్చినవాళ్లను కూడా క్లాసులో కూర్చోబెట్టేసేవారన్నమాట.

2021 డిసెంబర్ 8న, కరోనా వల్ల, న్యూజెర్సీలో ఆసుపత్రిలో కన్నుమూశారు. ఇంకో వారం ఉంటే తొంభై రెండు నిండేవి. ఇరవైల్లో తల్లి ఇంట్లో మొదలుపెట్టిన పాఠం తొంభై దాటాక కంప్యూటరు తెర మీద ఆగింది. ఆయన పోయాక ఆ జూమ్ క్లాసుల వాళ్లు, ఆ మంగళవారాల వాళ్లు ఇటలీలో, స్పెయిన్‌లో, జపాన్‌లో, ఇంకా ఎక్కడెక్కడో ఆ పాఠాలనే చెబుతున్నారు. కాకినాడలో మా వీధిలో నేను చెబుతున్నాను, నాకు తెలిసినంత.

సమయం అయిపోతోందని సైగ చేస్తున్నారు. ఒక్క అయిదు నిమిషాలు ఇవ్వండి. ఇంతసేపు నేనే వాయించాను, అది ఆయన పద్ధతి కాదు. పిల్లల్లో ఇద్దరు పైకి రండి. కీబోర్డు రాకపోయినా పర్లేదు. రామ్మా, సిగ్గుపడకు. నువ్వు ఈ పక్క కూర్చో. బాబూ, నువ్వు ఆ పక్క. నువ్వు స గ ప, పెద్ద ధ పట్టుకో. నువ్వు ని రి మ, చిన్న ధ. వేలు ఇక్కడ, ఆ నల్ల మెట్టు మీద. నేను చెయ్యి ఊపినప్పుడు మొదట అమ్మాయి, తర్వాత అబ్బాయి, మళ్లీ అమ్మాయి. మిగతా అందరూ ఎనిమిది అక్షరాల తాళం వేయండి. ఏదీ, మొదలుపెడదాం.